కొలంబియా నదిలో సాల్మన్ సీజన్: ముందు ఎవరికి మూయాలి?

హిల్స్‌బరో తెలుగు:
అమెరికాలో ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మధ్య పారే కొలంబియా నదిలో సాల్మన్ చేపల వేట గురించి మా ఆఫీసులో గాలం వేసేవాళ్లంతా ఒకటే గొడవ. "వసంతకాలం సీజన్ మాకు మూసేశారు, బోన్నెవిల్ డ్యామ్ పైన ట్రైబల్ (అక్కడి ఆదివాసీ జాతుల) వలలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. నది ఒక్కటే అయినప్పుడు రూలూ ఒక్కటే ఉండాలి కదా" అంటున్నారు. నాకూ న్యాయంగానే అనిపిస్తోంది. మీరేమంటారు?

కొలంబియా ఒడ్డు:
రూలు ఒక్కటే కావాలంటే హక్కు కూడా ఒకేలాంటిదై ఉండాలండి. అమెరికా ప్రభుత్వంతో 1855లో చేసుకున్న ఒప్పందాల్లో యాకమా, యుమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ ఆదివాసీ జాతులు లక్షల ఎకరాల భూమి వదులుకున్నాయి. తాతల నాటి నుంచి చేపలు పడుతున్న చోట్ల పట్టుకునే హక్కును మాత్రం వదులుకోలేదు. కాబట్టి అది ప్రభుత్వం ఇచ్చిన రాయితీ కాదు, వాళ్లు తమ దగ్గరే ఉంచుకున్న ఆస్తి. 1969లో జడ్జి బెలోని వాళ్లకు న్యాయమైన వాటా దక్కాలన్నారు. 1974లో వాషింగ్టన్ రాష్ట్ర కేసులో జడ్జి బోల్ట్ ఆ వాటాను పట్టదగిన చేపల్లో సగంగా తేల్చారు. 1979లో సుప్రీంకోర్టు కూడా చాలావరకు దాన్నే నిలబెట్టింది.

ఇక గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నది పైకి చేప వచ్చే దారి చూడండి. ముందు సముద్రంలో పడవలు, తర్వాత నది సముద్రంలో కలిసే ఆస్టోరియా వైపు గిల్‌నెట్లు (చేప మొప్పలు ఇరుక్కునే వలలు), గాలాలు. అవన్నీ దాటాకే బోన్నెవిల్ పైన ట్రైబల్ వేట. బంతి చివర కూర్చున్నవాళ్ల దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ అయితే సగం వాటా అన్న మాటకు విలువేముంది? అందుకే కింది వైపు వసంతకాలం వేటకు ఎన్ని చేపలొస్తాయన్న ముందస్తు అంచనాలో 30 శాతం పక్కనపెడతారు. బోన్నెవిల్‌లో చేపలు డ్యామ్ దాటి పైకి వెళ్లడానికి కట్టిన మెట్ల పక్కన గాజు కిటికీ ముందు మనిషి కూర్చుని, జాతి, సైజు చూసి ఒక్కో చేపనూ లెక్కపెడతారు. ఆ లెక్క వచ్చాకే మిగతా సంగతి.

ఆస్టోరియా వైపు:
చట్టం సరే, కాదనను. వల, పడవ, లైసెన్సుకు ముందే డబ్బు పెట్టి, ఏ రోజు తెరుస్తారో తెలియక టెన్షన్ పడే గిల్‌నెట్ కుటుంబాల మాటేమిటి? చేప ఆలస్యంగా వస్తే ఆ ఏడాది పోయినట్టే. పైగా వసంతకాలంలో కింది వైపువాళ్లు వీపు మీది చిన్న రెక్క కత్తిరించిన హేచరీ చేపనే (పెంపక కేంద్రంలో పుట్టించి వదిలినదాన్నే) ఉంచుకోవాలి, మిగతావి వదిలేయాలి. పైన ఆ షరతు లేదు. కొలంబియాలో కలిసే స్నేక్ నదిలోని సాకై అనే సాల్మన్ రకం 1991 నుంచి అంతరించిపోయే జాతుల జాబితాలో ఉంది. కాపాడే భారం అందరిమీదా పడాలి.

కొలంబియా ఒడ్డు:
రెక్క షరతు పైన లేదన్నది నిజమే. కానీ వదిలేసిన చేపలన్నీ బతకవు కూడా. జాబితాలో ఉన్న చేపల మీద ట్రైబల్ వేటకూ పరిమితి ఉంది. 2018-2027 ఒప్పందం ప్రకారం, వచ్చే చేపలు తగ్గితే వాళ్లు పట్టుకోగల శాతం కూడా తగ్గుతుంది. తక్కువ వచ్చిన ఏడాది వసంతంలో అమ్మకానికి వలలు వేయరు, తొలి సాల్మన్ విందుకూ ఇంటి తిండికీ సరిపడా పడతారు.

గిల్‌నెట్ కుటుంబాల బాధ అబద్ధం కాదు. కానీ ఆ కోపం చూపించాల్సింది పైవాళ్ల వలల మీద కాదు, డ్యామ్‌ల మీద. 'సెలైలో' అనే జలపాతం దగ్గర ఆ జాతులవాళ్లు చెక్క మంచెల మీద నిలబడి, నడుముకు తాడు కట్టుకుని, పొడవాటి కర్ర వలలతో పట్టేవారు. 1957 మార్చి 10న డాలెస్ డ్యామ్ గేట్లు దించితే కొన్ని గంటల్లోనే అదంతా మునిగిపోయింది. గ్రాండ్ కూలీకి అసలు చేపల మెట్లే లేవు, దాని పైన ఉన్న నదంతా సాల్మన్‌కు మూసుకుపోయింది. స్నేక్ నది సాల్మన్ కోసం 2023 డిసెంబర్‌లో కుదిరిన ఒప్పందాన్ని కూడా 2025 జూన్‌లో రద్దు చేశారు. నా మాట ఒక్కటే: వేటలో కోత నది కింది వైపు నుంచే మొదలవ్వాలి. మూసిన రోజులకు గిల్‌నెట్ కుటుంబాలకు పరిహారం ఇవ్వాలి, అది ఈ డ్యామ్‌ల కరెంటు అమ్ముకునేవాళ్ల జేబు నుంచి రావాలి.

ఆస్టోరియా వైపు:
పరిహారం మాటకు నేనూ ఒప్పుకుంటాను. 30 శాతం మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. బోన్నెవిల్ లెక్క తేలేసరికి చేప మా వలలు దాటి వెళ్లిపోయి ఉంటుంది. తర్వాత తెరిచి ఏం లాభం?