టౌన్‌లో ఓవర్‌రైడ్ ఓటు వస్తోంది, ఓటు లేని మనం ఏం చేయగలం?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మాసచూసెట్స్‌లో బోస్టన్‌కి పడమటి వైపు ఒక టౌన్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాం. పేరు వద్దులెండి, మా వీధిలోనే నలుగురు ఇది చదువుతారు. ఇక్కడ ఇల్లు కొన్నదే స్కూళ్ళ కోసం. ఇప్పుడేమో బడ్జెట్‌లో లోటు వచ్చిందని ఎలిమెంటరీ టీచర్లను తగ్గిస్తామంటున్నారు. నాలుగో క్లాసులో మొదలయ్యే వయొలిన్ ఎత్తేస్తారట, బస్సు ఫీజు పెంచుతారట. మా అమ్మాయి క్లాసులో ఇప్పటికే 26 మంది ఉన్నారు. మే నెలలో ఓవర్‌రైడ్ ఓటు పెట్టొచ్చని వింటున్నాం. మేమిద్దరం హెచ్1బి మీద ఉన్నాం. ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం మూడు నెలలకోసారి ఠంచనుగా కడుతున్నాం. అసలీ ఓవర్‌రైడ్ ఏమిటి, మనలాంటి వాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా? దాటొచ్చిన వాళ్ళెవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పాతకాపు:
ముందు లెక్క తెలుసుకోండి. 1980లో ఈ రాష్ట్రం జనం ఓటేసి ప్రపోజిషన్ రెండున్నర అనే చట్టం తెచ్చుకున్నారు. టౌన్ మొత్తం మీద వసూలు చేసే ప్రాపర్టీ ట్యాక్స్ పరిమితి ఏడాదికి రెండున్నర శాతమే పెరుగుతుంది, కొత్తగా కట్టిన ఇళ్ళ మీద వచ్చేది దానికి అదనం. ‘నా బిల్లు రెండున్నర శాతమే కదా పెరగాలి’ అని చాలామంది గొడవపడతారు. కాదు, ఆ పరిమితి టౌన్ మొత్తానికి. మీ ఇంటి విలువ పక్కవాళ్ళ ఇంటికంటే ఎక్కువ పెరిగితే మీ బిల్లు ఐదు శాతమైనా పెరగొచ్చు.

ఖర్చులేమో రెండున్నర దగ్గర ఆగవు. జీతాలు, హెల్త్ ఇన్సూరెన్స్ సరే, స్పెషల్ ఎడ్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, దాని సంగతి చూడండి. టౌన్ స్కూల్లో కుదరని పిల్లల్ని బయటి ప్రైవేటు స్కూళ్ళకి పంపితే ఆ ఫీజు మన టౌనే కట్టాలి. ఆ ఫీజులు ఎంతుండాలో రాష్ట్రం చెబుతుంది. 2024 ఆర్థిక సంవత్సరానికి ఒక్కసారే 14 శాతం పెంచారు. బాగా ఖరీదైన కేసులకి రాష్ట్రం కొంత వెనక్కిస్తుంది కానీ ముందు జేబులోంచి తీయాల్సింది మనమే. ఆపైన కోవిడ్ టైములో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుకి 2024 సెప్టెంబర్‌తో గడువు అయిపోయింది. దాంతో పెట్టుకున్న టీచర్లు ఇప్పుడు టౌన్ ఖాతాలోకి వచ్చారు.

ఆ రెండున్నర శాతం గీత దాటతామని జనాన్ని అడగడమే ఓవర్‌రైడ్. నెగ్గితే ఆ పెంపు శాశ్వతం. కొత్త బిల్డింగ్ కోసం అడిగేది డెట్ ఎక్స్‌క్లూజన్, అది అప్పు తీరేవరకే. ‘మొన్ననే హైస్కూల్ కట్టడానికి ఇచ్చాం కదా’ అంటారు చూడండి, ఆ డబ్బుతో టీచరుకి జీతం ఇవ్వడానికి లేదు.

చిట్టితల్లి_అమ్మ:
మేం చేసిన తప్పు మీరు చేయకండి. రెండేళ్ళ క్రితం లైబ్రరీ అసిస్టెంట్లను తీసేస్తారని తెలిసి, పిల్లల చేత బొమ్మలు వేయించి, పదిహేను కుటుంబాలం మే నెల టౌన్ మీటింగ్‌కి, అంటే టౌన్ బడ్జెట్ మీద ఓటేసే సభకి, వెళ్ళాం. సభ నడిపే మోడరేటర్ పాపం మర్యాదగానే చెప్పాడు: టౌన్ మీటింగ్ స్కూళ్ళకి ఇచ్చే మొత్తం మీదే ఓటేస్తుంది, అందులో లైబ్రరీకి ఎంత, బ్యాండుకి ఎంత అన్నది తేల్చేది ఓటర్లు ఎన్నుకున్న స్కూల్ కమిటీ అని. ఆ కమిటీ మార్చిలోనే తేల్చేసింది. చట్టప్రకారం పబ్లిక్ హియరింగ్ కూడా పెట్టారు. దానికి ఐదుగురు వచ్చారట, అందులో ఇద్దరు టీచర్లే.

కాబట్టి గొడవేదో చలికాలంలోనే చేయాలి. మా దగ్గర సూపరింటెండెంట్ బడ్జెట్ జనవరిలో బయటపెడతారు. అప్పటినుంచి ప్రతి మీటింగ్‌లో మొదట్లో జనం మాట్లాడటానికి కొంచెం టైమిస్తారు. దానికి ఓటరై ఉండక్కర్లేదు, టౌన్‌లో ఉంటే చాలు. నేను ఇప్పుడు రెండు వారాలకోసారి వెళ్తున్నా. బోరు కొట్టి చచ్చిపోతాననుకోండి. కానీ ఫలానా టీచర్ పోస్టు ఏ పద్దు కింద ఉందో మా ఆయనకంటే నాకే బాగా తెలుసు.

కరీంనగర్_పోరడు:
అన్నా, ఓటు లేదని ఊరికే కూర్చోవద్దు. మేం ఒక పని చేశాం. మా చుట్టుపక్కల సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో రాసుకున్నాం. ముప్పైకి పైనే ఇళ్ళు తేలాయి. అధ్యక్ష ఎన్నికలకి అందరూ వేస్తారు, స్టిక్కర్ పెట్టుకుని ఫొటో కూడా పెడతారు. టౌన్ ఎన్నికకి వేసినవాళ్ళు నలుగురే! అసలు టౌన్ ఎన్నిక విడిగా ఉంటుందని సగం మందికి తెలియదు. ఇక్కడ ఎన్నికకి పది రోజుల ముందు వరకు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. నేను గ్రీన్‌కార్డు కోసం క్యూలో ఉన్నవాణ్ణి, నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఒకాయన ‘నీకు ఓటు లేదు కదరా, నీకెందుకు?’ అన్నాడు. ‘మీకుంది కదా బాబాయ్, అందుకే వచ్చా’ అన్నాను.

ఒక జాగ్రత్త మాత్రం. లైసెన్స్ ఆఫీసులో కాయితాల మధ్య ఓటు నమోదు గురించి అడిగితే సిటిజన్ కాదని స్పష్టంగా చెప్పండి. పొరపాటున జాబితాలో పేరు పడి ఓటు కూడా వేస్తే గ్రీన్‌కార్డుకే ఎసరు. టౌన్ వాళ్ళు ఏటా పంపే సెన్సస్ కాయితం వేరు. అది అందరూ నింపాలి, ఏ దేశ పౌరులో అందులో సరిగ్గా రాయండి.

నాషువా_నాని:
మేం న్యూ హాంప్‌షైర్. మా రాష్ట్రంలో క్రాయిడన్ అని 800 మంది ఉండే చిన్న ఊరు ఉంది. 2022 మార్చిలో అక్కడ స్కూల్ బడ్జెట్ మీటింగ్ జరిగితే జనం పెద్దగా రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన లేచి బడ్జెట్‌ని 17 లక్షల డాలర్ల నుంచి 8 లక్షలకి కోసేద్దామన్నాడు. ఓటు పెడితే 20-14తో నెగ్గేసింది. అంతే, సగానికి సగం పోయింది! పెద్ద క్లాసుల పిల్లల్ని ఆ ఊరు పక్క ఊళ్ళ స్కూళ్ళకి ఫీజు కట్టి పంపుతుంది, ఇక ఆ ఫీజు ఎక్కడినుంచి తేవాలి?

జనం అప్పుడు మేల్కొన్నారు. సంతకాలు పెట్టి మే నెలలో మళ్ళీ మీటింగ్ పెట్టించారు. చిక్కేమిటంటే మొత్తం ఓటర్లలో సగం మంది, అంటే 283 మంది, రాకపోతే ఆ మీటింగ్ చెల్లదు. కోత కావాలన్నవాళ్ళు ‘మీరు ఇంట్లోనే ఉండండి, అదే మన గెలుపు’ అని ప్రచారం చేశారు. వీళ్ళు ఇల్లిల్లూ తలుపు కొట్టారు. ఆ రోజు 379 మంది వచ్చారు. 377-2తో బడ్జెట్ తిరిగొచ్చింది. మా ఇంట్లో మీటింగ్‌కి బద్ధకిస్తే మా ఆవిడ ‘ఇరవై, పధ్నాలుగు’ అంటుంది, అంతే, కోటు వేసుకుంటాను.

తణుకు_కోడలు:
మా అత్తగారు రెండేళ్ళ క్రితం ఇక్కడున్నప్పుడు టౌన్ మీటింగ్‌కి తీసుకెళ్ళాను. హైస్కూల్ జిమ్‌లో పెట్టారు. బాస్కెట్‌బాల్ బుట్టలు పైకి మడిచేసి, కింద ఇనప కుర్చీలు. ఓటర్లకి నొక్కి ఓటేయడానికి చేతిలో పట్టే క్లిక్కర్ ఇచ్చారు. మాలాంటి వాళ్ళకి పక్కన తాడు కట్టి ఒక పాతిక కుర్చీలు వేశారు. ముందు వరుసలో ఇద్దరు ముసలమ్మలు స్వెటర్లు అల్లుకుంటూ కూర్చున్నారు, తలెత్తకుండానే క్లిక్కర్ నొక్కుతున్నారు. చెత్త లారీ కొనాలా వద్దా అని నలభై నిమిషాలు వాదించుకున్నారు. స్కూళ్ళ సంగతి వచ్చేసరికి రాత్రి పదిన్నర. పిల్లల్ని పడుకోబెట్టాలని తల్లులందరూ అప్పటికే వెళ్ళిపోయారు. ‘తాడుకి ఇవతల కూర్చోబెట్టారు, కనీసం టీ అయినా ఇవ్వరా?’ అన్నారు అత్తగారు. మరుసటి ఏడాది మేం జిమ్ పక్క గదిలో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేశాం. ఓటు లేని వాళ్ళం వంతులేసుకుని పిల్లల్ని ఆడించాం, ఓటున్న వాళ్ళు ఆఖరిదాకా కూర్చున్నారు. నన్నడిగితే మేం చేసినవాటిలో నిజంగా పనికొచ్చింది ఇదే.

మొహమాటంలేదు:
అందరూ తిట్టుకుంటారేమో గానీ నేను సిటిజన్‌ని, మా టౌన్‌లో ఓవర్‌రైడ్‌కి ‘నో’ వేశాను. నా పిల్లలు కూడా అదే స్కూళ్ళలో చదివారు. ప్రతిసారీ కోత అనగానే వయొలిన్, లైబ్రరీ, బస్సు పేర్లే ఎందుకు బయటికొస్తాయి? సెంట్రల్ ఆఫీసులో పోస్టుల పేర్లు ఎందుకు రావు? జనం ఏడ్చేవాటినే ముందు పెడతారు. టౌన్ దగ్గర ఫ్రీ క్యాష్ అని మిగులు కూడా ఉంది. మా పక్కింటి పెద్దాయన రిటైరై పదిహేనేళ్ళయింది, పెన్షన్ అంతే ఉంది, ట్యాక్స్ మాత్రం ఏటా పెరుగుతోంది. ఆయన్ని ఎవరూ అడగరా?

పాతకాపు:
తిట్టుకోవడం ఎందుకండీ, సెంట్రల్ ఆఫీసు ప్రశ్న అడగాల్సిందే. స్కూల్ కమిటీని పోస్టులవారీగా జాబితా అడగండి, అడిగే హక్కుంది. ఫ్రీ క్యాష్ సంగతి వేరు. అది ఒకసారి మిగిలిన డబ్బు, ఏటా ఇవ్వాల్సిన జీతానికి వాడితే వచ్చే ఏడు గొయ్యి ఇంకా పెద్దదవుతుంది. రూఫు, బాయిలర్ లాంటివాటికి సరే.

పెద్దాయన విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్ళూ నిజం. ఓవర్‌రైడ్ ప్రచారాలు చాలావరకు ఓడేది అక్కడే, సీనియర్ సెంటర్‌కి ఒక్కరూ వెళ్ళరు. వయసు మళ్ళినవాళ్ళకి ట్యాక్స్ మినహాయింపులున్నాయి, సీనియర్ సర్క్యూట్ బ్రేకర్ అని రాష్ట్రం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇచ్చే క్రెడిట్ ఉంది, చాలా టౌన్లలో కొన్ని గంటలు పనిచేసి ట్యాక్స్ తగ్గించుకునే పథకమూ ఉంది. ఆ ఫారాలు నింపడంలో సాయం చేస్తే ఓటు అడక్కపోయినా మంచిదే.

ఒకసారి ఓడితే అయిపోయినట్టు కాదు. మన రాష్ట్రంలోనే బెల్మాంట్‌లో 2021లో ఓవర్‌రైడ్ ఓడింది. 2024లో ఇంకా పెద్దది, 84 లక్షల డాలర్లది, నెగ్గింది. ష్రూస్‌బరీలో 2021లో 95 లక్షలది నెగ్గింది, అక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు.

చిట్టితల్లి_అమ్మ:
ఇంకోటి మర్చిపోయా. ‘ఎస్ వేయండి’ అనే కాయితాలు పిల్లల బ్యాగుల్లో పెట్టి పంపమని టీచర్లని అడగకండి. బ్యాలెట్ ప్రచారానికి టౌన్ డబ్బు, స్కూల్ కాపీ మెషిన్, ఆఫీస్ ఈమెయిల్ ఏవీ వాడకూడదు. మా దగ్గర ఒకళ్ళు తెలియక చేస్తే కంప్లైంట్ వెళ్ళింది, పాపం ఆ టీచర్ ఇరుకున పడింది. చందాలు వసూలు చేస్తే కమిటీగా టౌన్ క్లర్క్ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. వీసా మీద ఉన్నవాళ్ళు డబ్బివ్వబోయే ముందు ఎవరినైనా లాయర్ని అడగండి. మేం ఆ జోలికి పోలేదు, ఒంటి కష్టమే చేశాం.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి స్కూల్ కమిటీ మీటింగ్‌కి వెళ్ళొచ్చాం. రెండు నిమిషాలకి సరిపడా రాసుకెళ్ళాను. చైర్‌పర్సన్ నా ఇంటిపేరు మూడు ముక్కలు చేసి పిలిచింది. గొంతు వణికింది గానీ మూడు ప్రశ్నలూ అడిగేశాను: 26 మంది క్లాసు 30 అవుతుందా, సెంట్రల్ ఆఫీసులో ఏ పోస్టులు తగ్గిస్తున్నారు, బస్సు ఫీజు పెంచితే ఎన్ని కుటుంబాలు బస్సు మానేస్తాయని లెక్కేశారు అని. మూడోదానికి వాళ్ళ దగ్గర జవాబు లేదు. వచ్చే మీటింగ్‌లో చెప్తామని మినిట్స్‌లో రాసుకున్నారు.

వచ్చేటప్పుడు పార్కింగ్‌లో ఒక పెద్దావిడ ఆపి ‘మీ అమ్మాయి ఏ స్కూలు?’ అని అడిగింది. ముప్పై ఏళ్ళు అదే స్కూల్లో మూడో క్లాసు టీచర్‌గా చేసిందట. ఓటు ఏం వేస్తుందో చెప్పలేదు గానీ ఫోన్ నంబర్ ఇచ్చింది.

తర్వాతి మీటింగ్ వచ్చే మంగళవారం ఏడింటికి. మా వీధిలో చదువుతున్న ఆ నలుగురూ, మీకే చెప్తున్నా, ఆరున్నరకి మా ఇంటికి రండి. పులిహోర ఉంటుంది, ఒకే కారులో వెళ్దాం.