హోవర్‌లోనే డ్రోన్ మోటార్లు కాలుతున్నాయి: తప్పు కేవీదా, ట్యూనింగ్‌దా?

పోస్ట్ 1 (అడిగినవారు)

సొంతంగా కట్టుకున్న 5 అంగుళాల క్వాడ్ (నాలుగు మోటార్ల డ్రోన్). 2207 సైజు మోటార్లు, 1950 కేవీ (లోడ్ లేకుండా వోల్టుకి తిరిగే ఆర్‌పీఎం), 6ఎస్ (ఆరు సెల్స్) బ్యాటరీ, మూడు రెక్కల ప్రాప్‌లు (ప్రొపెల్లర్లు), బ్యాటరీతో కలిపి 700 గ్రాముల దాకా ఉంటుంది. ఫ్లిప్పులు, రేసులు ఏమీ లేవు. మూడు నిమిషాలు నెమ్మదిగా ఎగరేసి దింపితే నాలుగు మోటార్లూ చెయ్యి పెట్టలేనంత వేడి, వెనక కుడివైపుది ఇంకాస్త ఎక్కువ. కిందికి దిగేటప్పుడు వణుకుతోందని డీ విలువ (ఊగిసలాటని అణచే ట్యూనింగ్ నంబర్) కొంచెం పెంచి ఉంచాను. తెలిసినవాళ్ళలో ఒకరు మోటార్లు మార్చేయమంటున్నారు, ఇంకొకరు ట్యూనింగ్ అంటున్నారు. ముందు దేన్ని పట్టుకోవాలి?

పోస్ట్ 2

బ్రో, కేవీ ఎక్కువైంది. ఫుల్ చార్జ్ 6ఎస్ అంటే 25.2 వోల్టులు, దాన్ని 1950తో గుణించండి, లోడ్ లేకుండా 49,000 ఆర్‌పీఎం దాటుతుంది. 1700 వేస్తే 43,000 దగ్గర ఉంటుంది. తిరిగే వేగం పెరిగితే ప్రాప్‌కి కావాల్సిన పవర్ ఘనంలో పెరుగుతుంది, అంటే వేగం 10 శాతం పెరిగితే పవర్ 33 శాతం. కరెంట్ వేగానికి వర్గంలో పెరుగుతుంది, వైండింగ్‌లో వేడి ఆ కరెంట్‌కి మళ్ళీ వర్గంలో. లెక్క కడితే అదే 10 శాతానికి వేడి 46 శాతం ఎక్కువ. మోటార్లు మార్చండి, లేదా కనీసం తక్కువ పిచ్ (రెక్కల వాలు) ఉన్న ప్రాప్‌లు వేయండి.

పోస్ట్ 3

లెక్క కరెక్టే, కానీ అది ఈ క్వాడ్‌కి వర్తించదు అన్నా. ఆయన ఫుల్ థ్రాటిల్ కొట్టట్లేదు, హోవర్ చేస్తున్నాడు. గాల్లో నిలబడాలంటే ఒక్కో మోటార్ 175 గ్రాములు ఎత్తితే చాలు, దానికి ప్రాప్ ఎంత వేగంగా తిరగాలో అంతే తిరుగుతుంది, మోటార్ మీద 1700 రాసున్నా 1950 రాసున్నా ఆ వేగం మారదు. కేవీ ఎక్కువైతే అదే టార్క్‌కి కరెంట్ ఎక్కువ లాగుతుంది, నిజమే, కానీ చుట్లు తక్కువ, తీగ మందం ఎక్కువ కాబట్టి రెసిస్టెన్స్ కూడా తగ్గుతుంది. ఒకే సైజు స్టేటర్‌లో (తీగ చుట్టిన, కదలని భాగంలో) రాగి అంతే పట్టినప్పుడు, అదే టార్క్‌కి వైండింగ్‌లో పుట్టే వేడి రెండింటిలోనూ దాదాపు ఒకటే. ఈ సంగతి వదిలేసి కేవీ మీదికి పోతే కొత్త మోటార్లు కూడా ఇలాగే కాలుతాయి.

ఈ సైజు క్వాడ్ హోవర్‌లో బ్యాటరీ నుంచి మొత్తం 6 ఆంప్‌ల అటూ ఇటూ లాగుతుంది. ఆ లోడ్‌కి ఒక్కో మోటార్ వైండింగ్‌లో పుట్టే వేడి ఒకటి రెండు వాట్లు, పైనుంచి ప్రాప్ గాలి తగులుతూనే ఉంటుంది. అంత చిన్న వేడికి చెయ్యి కాలదు. కాలుతోందంటే మోటార్ ఎత్తే పని కాక ఇంకేదో పని చేస్తోంది.

ఆ ఇంకో పని వణుకు, దిగేటప్పుడు కనిపించేది కాదు, కంటికి కనిపించని సన్నని వణుకు. డీ-టర్మ్ చూసేది జైరో (క్వాడ్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే సెన్సర్) రీడింగ్ ఎంత వేగంగా మారుతోందన్నది. ప్రాప్‌లు, బేరింగ్‌లు, ఫ్రేమ్ నుంచి వచ్చే 200, 300 హెర్ట్జ్ వైబ్రేషన్‌ని అది పెద్దది చేసి మోటార్‌కి ఆర్డర్‌గా పంపుతుంది. మోటార్ సెకనుకి వందలసార్లు వేగం పెంచమని, తగ్గించమని ఆర్డర్ అందుకుంటుంది. అంత త్వరగా ప్రాప్ వేగం మారదు కాబట్టి పైకి క్వాడ్ నిశ్చలంగానే కనిపిస్తుంది, ఖర్చయిన కరెంట్ అంతా వైండింగ్‌లో వేడిగా మిగులుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి: నిలకడగా 1 ఆంప్ పోవడానికి, సగం సేపు 0, సగం సేపు 2 ఆంప్‌లు పోవడానికి సగటు ఒకటే, కానీ వేడి వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి రెండో దాంట్లో వేడి రెట్టింపు. అందుకే ఓఎస్‌డీలో (ఎగరేసేటప్పుడు తెర మీద కనిపించే రీడింగ్‌లలో) కరెంట్ కొంచెమే ఎక్కువ కనిపించినా మోటార్ కాలిపోతూ ఉండొచ్చు.

డీ విలువల్ని మూడో వంతు తగ్గించి అంతే సేపు, అలాగే ఎగరేసి చూడండి. ఇంకేమీ మార్చొద్దు, ప్రాప్‌లు కూడా అవే ఉంచండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, దీని తర్వాతే కొనడం గురించి మాట్లాడుకుందాం.

పోస్ట్ 4

నాలుగు మోటార్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు, ఆ వెనక కుడిదాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ మోటార్ ఎక్కువ కాలుతోందన్నదాన్ని బట్టే చాలా తెలుస్తుంది. వెనక రెండూ ఎక్కువ వేడెక్కితే బ్యాటరీ వెనక్కి జరిగి బరువు అటు పడుతోంది. ఎదురెదురు మూలల జత వేడెక్కితే ఏదో మోటార్ కొంచెం వంగి బిగిసింది, క్వాడ్ తనంతట తాను తిరిగిపోకుండా ఆ జత ఎక్కువ తిప్పాల్సి వస్తోంది. ఒక్కటే వేడెక్కితే ఆ మోటార్‌లోనో, దాని ఆర్మ్‌లోనో (మోటార్‌ని మోసే ఫ్రేమ్ చెయ్యి), దాని ఈఎస్‌సీలోనో (మోటార్‌కి కరెంట్ పంపే బోర్డు) ఉంది జబ్బు.

ప్రాప్ తీసేసి చేత్తో నెమ్మదిగా తిప్పండి. అయస్కాంతాల పట్టు ప్రతి మోటార్‌లో ఒకేలా తగలాలి, మధ్యలో ఇసుక పడ్డట్టు గరగరమంటే బేరింగ్ పోయినట్టే. ఆర్మ్ కింది నుంచి వచ్చే నాలుగు స్క్రూలు ముఖ్యంగా చూడండి. అర మిల్లీమీటర్ పొడవెక్కువైనా కొన వైండింగ్‌ని తాకి ఎనామెల్ గీకేస్తుంది. బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి, ఒక ముల్లు మోటార్ తీగకి, ఇంకోటి స్క్రూకి ఆనించండి. బీప్ రాకూడదు. తీగల మధ్య రెసిస్టెన్స్ కొలవాలని చూడకండి, అది మిల్లీ ఓమ్‌లలో ఉంటుంది, మామూలు మీటర్‌కి అందదు.

టెంపరేచర్ గన్ వాడేటట్టయితే మెరిసే బెల్ (మోటార్ బయట తిరిగే గిన్నె) మీద పెట్టొద్దు, నిజమైన వేడి కంటే తక్కువ చూపిస్తుంది. సందుల్లోంచి వైండింగ్ మీదికి గురిపెట్టండి, లేదా బెల్ మీద చిన్న నల్ల టేప్ ముక్క అంటించి దాని మీద కొలవండి. దింపాక ప్రతిసారీ ఒకే టైమ్‌కి చూడండి, ఎందుకంటే ప్రాప్ ఆగాక గాలి ఉండదు, లోపలి వేడి బెల్‌లోకి పాకుతూ కాసేపు పెరుగుతూనే ఉంటుంది.

పోస్ట్ 5 (అడిగినవారు)

చూశాను. స్క్రూ దగ్గర బీప్ లేదు, బేరింగ్ కూడా మెత్తగానే ఉంది. కానీ ఆ ఆర్మ్‌ని ఫ్రేమ్‌కి పట్టే రెండు స్క్రూల్లో ఒకటి వదులుగా ఉంది, ఆర్మ్ పట్టుకుని ఊపితే వెంట్రుకవాసి కదులుతోంది. బిగించేముందు ఒకసారి డీ మాత్రమే తగ్గించి ఎగరేశాను. హోవర్‌లో కరెంట్ 9 నుంచి 7కి వచ్చింది, ముందువైపు మోటార్లు గోరువెచ్చగా ఉన్నాయి, వెనక కుడిది ఇంకా వేడే. అయితే దిగేటప్పుడు వణుకు మళ్ళీ ఎక్కువైంది.

పోస్ట్ 6 (పోస్ట్ 2 రాసినవారు)

హోవర్ వరకు ఒప్పుకుంటాను. కానీ కేవీ వల్ల హోవర్‌లో ఏ తేడా లేదనడం కుదరదు. వోల్టేజ్ ఎక్కువ, కేవీ ఎక్కువ అయితే ఈఎస్‌సీ చిన్న డ్యూటీతో (కొద్దిసేపే ఆన్, ఎక్కువసేపు ఆఫ్) నడపాలి, కరెంట్‌లో రిపుల్ (ఎగుడుదిగుడు) పెరుగుతుంది, చుట్లు తక్కువున్న మోటార్‌కి ఆ ఎగుడుదిగుడుని ఆపే ఇండక్టెన్స్ కూడా తక్కువ కాబట్టి ఆ రిపుల్ ఇంకా ఎక్కువ. 24 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం (ఈఎస్‌సీ కరెంట్‌ని ఆన్-ఆఫ్ చేసే వేగం) మీద ఉంటే ఆ వేడి బాగానే తెలుస్తుంది. ఆయన ఈఎస్‌సీలో ఎంత పెట్టాడో ఎవరైనా అడిగారా?

పోస్ట్ 7 (పోస్ట్ 3 రాసినవారు)

రిపుల్ మాట నిజం, కాదనను. కానీ దానికి మందు పీడబ్ల్యూఎం 24 నుంచి 48కి మార్చడం, మోటార్లు మార్చడం కాదు. ఈఎస్‌సీ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, ఈ లోడ్‌కి అది తట్టుకుంటుంది.

అడిగినాయనకి: కరెంట్ 2 ఆంప్‌లు తగ్గిందంటే ఆ 2 ఆంప్‌లూ ఇన్నాళ్ళూ వణుకుకే పోయాయి, జవాబు మీ దగ్గరే ఉంది. ఇప్పుడు ఆర్మ్ స్క్రూ బిగించి, థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేసి మళ్ళీ ఎగరేయండి. వదులు ఆర్మ్ వైబ్రేషన్‌ని జైరోకి మోస్తుంది, దాని మీద డీ పెంచితే ఉన్న జ్వరానికి దుప్పటి కప్పినట్టే. దిగేటప్పుడు వణుకు పోవాలంటే డీ కావాలి, డీ పెంచాలంటే జైరో సిగ్నల్ శుభ్రంగా ఉండాలి. అందుకే వరసలో మొదట ఫ్రేమ్, తర్వాత ఫిల్టర్లు, ఆ తర్వాతే డీ.

ఫిల్టర్లంటే బీటాఫ్లైట్ (ఫ్లైట్ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్) 4.1 నుంచి ఉన్న ఆర్‌పీఎం ఫిల్టర్ ఆన్ చేయండి, మోటార్లు తిరగడం వల్ల వచ్చే నాయిస్‌ని అది జైరో సిగ్నల్ నుంచి తీసేస్తుంది. దానికి బైడైరెక్షనల్ డీషాట్ (ఈఎస్‌సీ మోటార్ వేగాన్ని కంట్రోలర్‌కి తిరిగి చెప్పే పద్ధతి) కావాలి, మోటార్ పోల్స్ (అయస్కాంతాల సంఖ్య) దగ్గర సరైన నంబర్ ఉండాలి. మీ సైజు మోటార్లలో సాధారణంగా 14 అయస్కాంతాలు ఉంటాయి, అయినా బెల్ తీసినప్పుడు లోపల లెక్కపెట్టుకోండి, నంబర్ తప్పయితే ఫిల్టర్ వేరే ఫ్రీక్వెన్సీని కోస్తుంది, అసలు నాయిస్ అలాగే మోటార్లకి వెళ్తుంది. అలాగని కనిపించిన ఫిల్టర్‌నల్లా గట్టిగా బిగించకండి. ఫిల్టర్ ఎక్కువైతే సిగ్నల్ ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే క్వాడ్ నెమ్మదిగా ఊగడం మొదలుపెడుతుంది, దాంతోనూ మోటార్లు వేడెక్కుతాయి. ఇది చాలామంది పట్టించుకోరు.

ఇంకో సంగతి, ఇది నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం. ఇలా కాలుతూనే రోజూ ఎగరేయొద్దు. మామూలు గ్రేడ్ నియోడైమియం అయస్కాంతాలు 80 డిగ్రీల వరకే, ఎస్‌హెచ్ అని ఉన్నవి 150 వరకు. హద్దు దాటితే బలం కొంత శాశ్వతంగా పోతుంది. అయస్కాంతం బలహీనపడితే మోటార్ కేవీ పెరుగుతుంది, అదే టార్క్‌కి కరెంట్ ఎక్కువ కావాలి, ఈసారి రెసిస్టెన్స్ మాత్రం తగ్గదు, కాబట్టి ఇంకా వేడెక్కుతుంది. ఆ వెనక కుడి మోటార్‌ని ప్రాప్‌లు తీసేసి బీటాఫ్లైట్ కాన్ఫిగరేటర్ (సెట్టింగ్‌ల యాప్) మోటార్స్ ట్యాబ్‌లో మిగతావాటితో పోల్చండి. ఒకే స్లైడర్ దగ్గర అది మిగతా మూడింటికంటే ఎక్కువ ఆర్‌పీఎం తిరుగుతూ, కరెంట్ కూడా ఎక్కువ లాగుతుంటే దాని అయస్కాంతాలు దెబ్బతిన్నాయనే అనుకోవాలి. అప్పుడు మాత్రం ఆ ఒక్కటి మార్చాల్సిందే. ప్రాప్‌లు తీశాక రేడియో నుంచి మోటార్లు స్టార్ట్ చేసి, స్టిక్‌తో ఈ పరీక్ష చేయకండి, కంట్రోలర్ క్వాడ్‌ని సరిచేయాలని చూసి మోటార్లని తనంతట తాను పైకి లాగేస్తుంది, రీడింగ్‌లు పనికిరావు.

పోస్ట్ 8 (పోస్ట్ 2 రాసినవారు)

సరే, ముందు స్క్రూ బిగించి, 48 పెట్టి చూడమనండి. కానీ ఆయన రేపు ఫుల్ థ్రాటిల్‌తో ఎగరేయడం మొదలుపెడితే నా లెక్కే వర్తిస్తుంది, అప్పుడు థ్రాటిల్ పెంచి పట్టుకున్న చోటే మోటార్లు వేడెక్కుతాయి, నెమ్మదిగా ఎగిరినప్పుడు చల్లగా ఉంటాయి. అలా జరిగితే మోటార్ అవుట్‌పుట్ లిమిట్ 85 శాతానికి తగ్గించి చూడండి, తగ్గగానే చల్లబడితే 1950 మీకు ఎక్కువైనట్టు. అప్పటిదాకా మోటార్లు కొనమని నేనూ అనను.

పోస్ట్ 9 (అడిగినవారు)

48 పెట్టాను, ఆర్మ్ బిగించాను, ఆర్‌పీఎం ఫిల్టర్ ఆన్ అయింది, పోల్స్ 14. హోవర్ కరెంట్ ఇప్పుడు 6.3, నాలుగు మోటార్లూ పట్టుకోగలుగుతున్నాను. వెనక కుడిది మోటార్స్ ట్యాబ్‌లో మిగతావాటికంటే కొంచెం ఎక్కువ ఆర్‌పీఎం చూపిస్తోంది. బ్లాక్‌బాక్స్ లాగ్ (ఎగిరినప్పటి జైరో, మోటార్ల రికార్డు) తీసి ఇక్కడే పెడతాను, డీ ఎంతవరకు మళ్ళీ పెంచొచ్చో అది చూసి చెప్పండి.