కథలో చెడును చూపిస్తే రచయిత దాన్ని సమర్థించినట్టేనా?

కొత్తపుట: భార్యను కొట్టే భర్త తన కథ తానే చెప్పుకుంటూ పోయే నవల ఒకటి చదివాను. అతణ్ణి ఎవరూ నిలదీయరు, శిక్షా పడదు. ఇలా రాయడం అతణ్ణి వెనకేసుకు రావడమే అంటాను.

వేకువ: ఒప్పుకోను. పాత్ర మాటలన్నీ రచయితకు అంటగడితే దుర్మార్గుడి గురించి రాసే ధైర్యం ఎవరికుంటుంది?

నిదానం: కొత్తపుట గారూ, మీ ప్రశ్న 1857లోనే పారిస్ కోర్టుకెక్కింది. ఫ్రెంచ్ రచయిత ఫ్లోబేర్ నవల ‘మదామ్ బోవరీ’లో ఎమ్మాకు పెళ్లయ్యాక వేరే మగవాళ్లతో సంబంధాలుంటాయి. ఆమెను తప్పుపట్టగల మనిషి పుస్తకంలో ఒక్కరూ లేరన్నది ప్రభుత్వ న్యాయవాది పినార్ అభ్యంతరం. ఎమ్మా చివరికి విషం తిని చచ్చిపోతుంది, అయినా ఆయనకు చాలలేదు. కోర్టు రచయితను మందలించి, నిర్దోషిగా వదిలేసింది.

శిక్ష పడితే చాలనుకున్నా చిక్కే. హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలైన హేస్ కోడ్ అనే సినిమా నియమావళి, ప్రేక్షకుల సానుభూతి నేరం వైపు పోకూడదంది. కానీ గంటసేపు గూండా దర్జా చూపించి ఆఖర్లో చంపేస్తే మనసులో మిగిలేది ఆ దర్జాయే.

అందుకే నేను దెబ్బతిన్న మనిషి కోసం వెతుకుతాను. భర్తే కథ చెబుతున్నా ఆమె ఉలికిపాటు, మధ్యలో మింగేసిన మాట మనకు అందుతున్నాయా? అందితే రచయిత అతని పక్షాన లేనట్టే. దెబ్బను ప్రేమగా, ఏడుపును అలకగా చూపిస్తే మాత్రం అది సమర్థనే, చివర్లో జైలుకు పంపినా సరే.

కొత్తపుట: అందుతున్నాయి, కాదనను. అతను గదిలోకి రాగానే ఆమె పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోతుంది. ఎందుకో అతనికి పట్టదు. కానీ ఇది గమనించని పదిహేనేళ్ల కుర్రాడు అతని మాటలే నమ్మితే?

వేకువ: అలాగని ప్రతి కథకూ చివర నీతి అతికించాలా?

నిదానం: ఆ కుర్రాడి గురించిన భయం నాకూ ఉంది. అయినా రచయిత మధ్యలో దూరి ‘ఇతను చెడ్డవాడు’ అని చెప్పేస్తే, అలాంటివాళ్లు ఎంత మామూలుగా, ఎంత నమ్మకంగా మాట్లాడతారో ఆ కుర్రాడికి తెలియకుండా పోతుంది. రేపు బయట అతను గుర్తుపట్టాల్సింది ఆ మాటతీరునే. ఆ పుస్తకం చేతికిచ్చే పెద్దలు ‘ఆమె కిటికీ దగ్గరికి ఎందుకు వెళ్లింది?’ అని ఒక్కమాట అడగాలి.

కొత్తపుట: రచయిత ఉద్దేశం గురించి మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ అలా అడిగే పెద్దలు లేని పిల్లలు చాలామంది. వాళ్ల విషయంలో నాకింకా సమాధానం దొరకలేదు.