గట్టిదే బలమైనదా? బోరాన్ కార్బైడ్ మీద రగడ

రాయగడ బోరు బండి:
రాయగడ చుట్టూ ఖొండలైట్ రాయిలో బోర్లు వేస్తాం. మా బిట్టు బటన్లు, అంటే రాయిని కొట్టే మొనకి పొదిగిన గుండ్రటి మొగ్గలు, టంగ్‌స్టన్ కార్బైడ్‌వి. బోరాన్, కార్బన్ కలిసిన బోరాన్ కార్బైడ్ అంతకంటే గట్టిదట, వజ్రం తర్వాత చెప్పుకునే రెండు మూడింటిలో ఒకటట. మరి బటన్లు దాంతో ఎందుకు చెయ్యరు?

బరంపురం మాస్టారు:
తమ్ముడూ, గట్టిదనం అంటే గీత పడకపోవడం. దెబ్బకి ఆగడం వేరే సంగతి. పింగాణీ కప్పు మీద మేకుతో గీస్తే ఏమీ కాదు, చెయ్యి జారితే ముక్కలే. స్టీలు గ్లాసు సొట్టపడి ఊరుకుంటుంది. మీ బటన్లలో కార్బైడ్ గింజల్ని పట్టి ఉంచేది కోబాల్ట్. దెబ్బని ఓర్చుకునేది ఆ లోహమే.

జయపురం ఫిజిక్స్:
పగలడం ఒక్కటే అయితే బాగుండేది మాస్టారూ. తూటా దెబ్బకి పుట్టే పీడనం సుమారు 20 గిగాపాస్కల్స్, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 2 లక్షల రెట్లు, దాటితే బోరాన్ కార్బైడ్ బలం ఉన్నట్టుండి పడిపోతుంది. ఎందుకో చాలాకాలం అంతుపట్టలేదు. 2003లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు పగిలిన ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే, 2, 3 నానోమీటర్ల వెడల్పు చారలు కనిపించాయి. అక్కడ పరమాణువుల వరుస చెదిరి గాజులా అయిపోయింది. మిగతా స్ఫటికం చెక్కుచెదరలేదు, ఆ సన్నటి చారల వెంటే చీలింది. నాకైతే ఇది ఇప్పటికీ వింతే.

సిరోంచ తెలుగోడు:
అంత పనికిరానిదైతే తూటా ఆపే పలకల్లో ఎందుకు పెడుతున్నారండీ? ఘన సెంటీమీటరు 2.5 గ్రాములే. సిలికాన్ కార్బైడ్ 3.2, అల్యూమినా 3.9, స్టీలు 7.8. మా గడ్చిరోలి అడవిలో మే నెల ఎండలో అది తొడుక్కుని నడిచేవాణ్ణి అడగండి, ఏది మేలో చెప్తాడు.

జయపురం ఫిజిక్స్:
పనికిరాదని నేననలేదు. మామూలు తూటాకి ఆ హద్దు దాకా పోదు, అక్కడ మీ మాటే సరి. లోపల గట్టి ములుకు (కోరు) ఉండి వేగంగా వచ్చే తూటాకి మాత్రం నా ఓటు సిలికాన్ కార్బైడ్‌కే. బరువైనా సరే.

బరంపురం మాస్టారు:
కొద్దిగా సిలికాన్ కలిపితే ఆ చారలు తగ్గుతున్నాయని పరిశోధనల్లో తేలింది. అప్పుడే ఓటెయ్యకు.

రాయగడ బోరు బండి:
మీ తూటాలు సరే, నా బటన్ల సంగతి తేల్చండి. అరగడం కాదు, పుటుక్కున విరుగుతున్నాయి.

బరంపురం మాస్టారు:
బటన్లు చదునుగా అరిగిపోయినా అలాగే తోలుతున్నారా? అలా తోలితేనే విరుగుతాయి. మళ్లీ గుండ్రంగా గ్రైండింగ్ చేయించి ఎన్నాళ్లైంది?

రాయగడ బోరు బండి:
...దసరాకి ముందు.