లాభమేమి లేదు ...నక్సు నేర్వక: అది లైనక్సా, లినక్సా?

బైరాగిపట్టెడ
ఈ రెండు పాదాలు నోట్లో ఆడుతున్నాయి, ముందూ వెనకా దొరకడం లేదు.

లాభమేమి లేదు (?)నక్సు నేర్వక
కిటికి మూసి చూడు గేటు తెరువు

ఆటవెలదే, అనుమానం లేదు. కిటికి అంటే విండోస్, గేటు బిల్ గేట్స్‌ది. నేర్వమంటున్నది విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. మూడు, నాలుగు పాదాలు తెలిసినవాళ్ళు ఇవ్వండి. అంతకంటే ముందు, ప్రశ్నార్థకం పెట్టిన చోట ఉన్నది లి నా, లై నా? ఇప్పుడు తిరుపతిలో రెండూ వినబడుతున్నాయి.

చంద్రగిరి మాస్టారు
లై. పద్యమే చెబుతోంది. లాభ, మేమి, లేదు అని మూడు సూర్యగణాలు అయ్యాక నాలుగోది ఇంద్రగణం కావాలి. లైనక్సు గ గ ల (గ గురువు, ల లఘువు), తగణం, సరిపోయింది. లినక్సు ల గ ల, జగణం. ఇంద్రగణాలు ఆరింటిలో జగణం లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, అది కూడా చూడండి: లా కి లై తో మైత్రి ఉంది, అ ఆ ఐ ఔ ఒక జట్టు. లి వెళ్ళేది ఇ ఈ ఎ ఏ జట్టులోకి. గణమూ తప్పి యతీ తప్పే పాదాన్ని ఎవరూ ఇంతకాలం నోట పెట్టుకోరు.

రెండో పాదంలో కి–గే చక్కటి వర్గయతి, రెండూ కవర్గం హల్లులే. కిటికీ అని దీర్ఘం తీశారా, ల ల గ అయి సూర్యగణం పోతుంది. అక్కడ హ్రస్వమే.

పీలేరు
మాస్టారూ, పద్యం ఎలా ఉన్నా లినక్స్ తయారుచేసినాయన ఉచ్చారణ అంటూ ఒకటి ఉండాది కదా. 1992లో లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా రాసిందే ఉంది: మొదటి అక్షరంలో ప్రింట్, మినిమల్ మాటల్లోని ఇకారం, రెండో అక్షరంలో ఇంగ్లీషు పుట్ మాటలోని ఉకారం, రెండూ హ్రస్వాలే. 1994లో తన గొంతుతో రికార్డు చేసి పెట్టిన చిన్న ఆడియో కూడా ఉంది. తెలుగు లిపిలో దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే లినుక్స్. లై తప్పు, న కూడా తప్పే. ను ఉండాలి.

లై ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇంగ్లీషువాళ్ళు లైనస్ అని పలికే పేరు నుంచి. ఆయనది ఫిన్లండులో స్వీడిష్ మాట్లాడే కుటుంబం. ఆ భాషలో ఆ పేరు లీనుస్‌కు దగ్గరగా ఉంటుంది. చివరి అచ్చు మన ఉకారం కూడా కాదు, ఉ పలకబోయి నాలుకను కొంచెం ముందుకు తెచ్చినట్టుంటుంది. మనకు ఆ అక్షరం లేదు కాబట్టి ఉ తో సరిపెట్టుకోవాలి, అ తో కాదు.

అసలు ఆయన అనుకున్న పేరు ఫ్రీక్స్. 1991 సెప్టెంబరులో ఎఫ్‌టీపీ సర్వరులో, అంటే ఫైళ్ళు పంచుకునే చోట, పెట్టేటప్పుడు ఆరి లెమ్కే అనే ఆయన ఆ ఫోల్డరుకు లినక్స్ అని పేరు పెట్టాడు, అదే నిలిచింది. ఫ్రీక్సు నిలిచి ఉంటే గ ల, హగణం. ఆటవెలదిలో ఏ సూర్యగణం చోటైనా కూర్చునేది, ఈ చర్చే ఉండేది కాదు.

చంద్రగిరి మాస్టారు
న, ను తేడా ఛందస్సుకు పట్టదు. వెనక క్సు ఉంది కాబట్టి రెండూ గురువులే. పట్టేది మొదటి అక్షరం ఒక్కటే. లఘువు తర్వాత గురువుతో మొదలయ్యే మాట ఆటవెలదిలో, తేటగీతిలో, సీసంలో ఏ గణానికీ మొదట నిలవదు. ఇంద్రగణాలు నగ, నల, సల, భ, ర, త, తర్వాత సూర్యగణాలు న, హ: వీటిలో ల గ తో మొదలయ్యేది చూపండి. గణం మొదట నిలవని మాట యతిస్థానంలోకి రాదు.

వృత్తాల్లోనూ అంతే. యతి పడేది ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది. నాలుగు చోట్లా ఉండేది గురువే. చంపకమాలలో నాలుగు జగణాలున్నా యతి పడేది గురువు మీద. లి అక్కడికి ఎప్పటికీ చేరదు. పద్యం రాసేవాడికి లైనక్సు తప్ప దారి లేదు.

కార్వేటినగరం
మాస్టారూ, కందాన్ని వదిలేశారు. కందంలో బేసిగణం జగణం కాకూడదు, సరిగణం కావచ్చు. రెండో పాదం మొదటి గణం లెక్కలో నాలుగోది, సరి. కాబట్టి రెండో పాదాన్ని లినక్సు అనే మొదలుపెట్టి, ఏడో గణం మొదట లీ, లె, లే లో ఒకటి వేస్తే యతి కుదురుతుంది. పాదాలన్నీ లఘువుతో మొదలుపెట్టి నకార ప్రాస పాటించాలి, అంతే.

ఆటవెలదిలో కూడా దారి ఉంది. గణం మొదట నిలవదంటే ముందొక గురువు తగిలించండి. ఆ లినక్సు అంటే గ ల గ ల, రెండు హగణాలు. యతిస్థానంలోనే కావాలంటే, మొదటి అక్షరాలకు బదులు వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి ఉంది కదా:

మేలు గలుగు నీకు నీ లినక్సు వలన

మేలు, గలుగు, నీకు. ఆపైన నీలిన రగణం, క్సువలన నల. మే, నీ రెండూ గురువులు, వాటి పక్కన లు, లి. నీకు మీద ద్రుతం (చివర చేరే నకారం) ఉంది, ఈ కి ముందు నకారం సహజంగా వచ్చింది. ఎక్కడా లాగలేదు.

బైరాగిపట్టెడ
అక్కా, పాదం బాగుంది, కానీ నా పాదం అది కాదు. లాభమేమి లేదు అన్నంత వరకు ఖాయం.

చంద్రగిరి మాస్టారు
ప్రాసయతి ఉందని నాకు తెలియక కాదమ్మా. అక్షరయతికి వీలున్న చోట దానికి దిగడం ఎందుకని.

కార్వేటినగరం
దిగడం అనకండి మాస్టారూ. ఆటవెలది అంటే వేమన, వేమన ఆ పని హాయిగా చేశాడు. చూడ చూడ రుచుల జాడ వేరు. చూ కి, జా కి హల్లులో వర్గమైత్రి ఉంది గాని అచ్చు కలవదు, ఊ ఎక్కడ, ఆ ఎక్కడ. పాదాన్ని నిలబెట్టింది చూడ–జాడ ప్రాసయతి. ఆ పాదం తెలియని తెలుగువాడు లేడు. అక్షరయతి కోసం వెతుక్కుని ఇంకో మాట వేసుంటే ఆ ఊపు ఉండేదా? బ్రౌన్ 1829లో అచ్చు వేయించక ముందు ఎన్ని తరాల నోళ్ళలో నలిగి వచ్చాయో ఆ పద్యాలు. నోరు ఒప్పుకున్నదే నిలుస్తుందనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం వద్దు.

ఆ పాదాన్ని పైకి చదివి చూడండి. చూడలో ఉన్నది దంత్య చకారం, జాడలో దంత్య జకారం. రెంటికీ నాలుక కొస పళ్ళ వెనక అదే చోట తగులుతుంది. అందుకే చెవికి అది ప్రాసయతి ఒక్కటే కాదు, మొదటి హల్లు కూడా దాదాపు కలిసినట్టే వినిపిస్తుంది. చొక్కాలోని చ, చిలకలోని చ రెండూ ఒకటే చేసి చదివే పిల్లలకు ఈ సొగసు అందదు.

పీలేరు
వేమన పేరు లినుక్సులోనే ఉండాది అక్కా. తిరుమల కృష్ణదేశికాచార్యులు చేసిన పోతన2000, వేమన2000 ఫాంట్లు డెబియన్‌లో (లినక్స్ రకాల్లో ఒకటి) తెలుగు అదనపు ఫాంట్ల ప్యాకేజీలో కలిసి వస్తాయి. డెబియన్ అంటే గుర్తొచ్చింది, దాన్ని డీబియన్ అనొద్దు. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తన పేరు, తన ప్రియురాలు డెబ్రా పేరు కలిపి పెట్టాడు. డె హ్రస్వం. డెబియను అంటే నాలుగు లఘువులు, నల, మాస్టారికి ఇబ్బంది లేదు.

నగరి
న, ను గురించి ఎవరూ పట్టించుకోలేదు. తెలుగులో చివర ఉకారం ఉంటే నడుమ అచ్చు దాని వైపు వంగుతుంది. కత్తి–కత్తులు, పులి–పులులు, బల్లి–బల్లులు. లినక్స్‌ను చివర అచ్చు చేర్చి అజంతం చేసి లినక్సు అన్నామంటే లినుక్సు కావడం మన భాష స్వభావమే. టోర్వాల్డ్స్ చెప్పాడని కాదు, మన నోరే అటు తీసుకుపోతుంది.

చంద్రగిరి మాస్టారు
మీరు చెప్పినవన్నీ ఇకారం ఉకారం కావడం. అకారం అలా మారదు. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో ఇకారం కూడా మారదు: ఆఫీసు ఆఫూసు కాలేదు. న ఉన్న మాట న గానే ఉంటుంది.

నగరి
సరే, చివరి ఉకారం సంగతి చూడండి. మా పక్క దాన్ని పూర్తిగా పలకరు. అరవంలో కుఱ్ఱియలుగరం ఉంది కదా, అర మాత్ర ఉకారం. హద్దు గ్రామాల్లో తెలుగు మాటల చివర కూడా అదే వినిపిస్తుంది. లినక్సు అని రాస్తే ఎక్కువ, లినక్స్ అని రాస్తే తక్కువ. పద్యంలో దాన్ని లఘువుగా లెక్కపెట్టడం ఒక ఒప్పందమే తప్ప, నోట్లో అది ఒక మాత్ర ఉండదు.

పలమనేరు
రాయడం సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తా. చివర అచ్చు లేకుండా హలంతంగా లినక్స్ అని రాసేవాళ్ళు దానికి లో చేర్చినప్పుడు ఏమవుతుందో చూడండి. ఊరికే కొట్టుకుపోతే లినక్స్లో అని మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి. కొన్ని ఫాంట్లలో కింది లకారం పక్క వరుసను తాకుతుంది. సరిగ్గా రావాలంటే స పొల్లు తర్వాత సున్నా వెడల్పు విడదీసే అక్షరం వేయాలి, యూనికోడ్‌లో 200సి. ఇన్‌స్క్రిప్ట్‌లో (తెలుగు కీబోర్డు అమరిక) లినక్స్ వరకు మామూలే: ఎన్, ఎఫ్, వీ, కే, డీ, ఎం, డీ. ఉబుంటులో (అదీ ఒక లినక్స్ రకమే) మామూలు ఎడిటరు తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యూ మూడూ కలిపి నొక్కి వదిలి, 200సి కొట్టి, ఎంటర్ నొక్కితే ఆ అక్షరం పడుతుంది. తర్వాత లో కొట్టండి, లినక్స్‌లో అని విడిగా నిలబడుతుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఆ అక్షరం కంటికి కనబడదు, కానీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. గ్రెప్ అనే వెతికే ఆదేశం బైట్లు పోల్చి చూస్తుంది కాబట్టి లినక్స్లో అని వెతికితే లినక్స్‌లో అన్న వరుసలు ఒక్కటీ రావు. ఒకే వ్యాసంలో ఇద్దరు రెండు రకాలుగా కొట్టి ఉంటే, మార్చు ఆదేశం ఇచ్చినా సగం మారి సగం మిగిలిపోతాయి. లినక్సులో అని అజంతంగా రాస్తే ఈ బాధలేవీ లేవు, విభక్తి నేరుగా అతుక్కుంటుంది. లి, లై మీ ఇష్టం. చివర మాత్రం సు రాయండి.

ఇంకో మాట. కొందరు లినక్ష్ అని రాస్తున్నారు. క్ష వేరు, క్స వేరు. అక్షరం మాటలో ఉన్నది ఇక్కడ లేదు.

పీలేరు
విండోస్ కూడా అంతే, చివర ఉన్నది స కాదు. ఇంగ్లీషులో అది నాదం ఉన్న ధ్వని, జకారానికి దగ్గర.

కార్వేటినగరం
విండోజ్ అని రాస్తే చదివేవాడు తాలవ్య జకారంగా పలుకుతాడు, ఇంకా దూరం పోతుంది. దంత్య జకారానికి యూనికోడ్ 5.1లో, 2008లోనే, విడిగా చోటిచ్చారు: ౙ. విండోౙ్ అని రాయవచ్చు. ఆ అక్షరం లేని ఫాంటులో డబ్బా కనిపిస్తుంది. ఆ డబ్బా బాధే లేకపోతే చూడ చూడ పాదాన్ని కూడా ౘూడ ౘూడ, ౙాడ అని అచ్చు వేయించాలని నా కోరిక. పిల్లలకు నేర్పే పుస్తకాల్లోనైనా.

బైరాగిపట్టెడ
మూడో పాదం ఒకరు ఫోనులో చెప్పారు. ఇదేనేమో చూడండి:

ఉచితమైన దొక్క యూబుంటు చాలురా

చంద్రగిరి మాస్టారు
ఉచిత, మైన, దొక్క, యూబుంటు, చాలురా. న, హ, హ, త, ర. యతి ఉ–ఊ, యడాగమం (అచ్చు ముందు యకారం) వచ్చినా అచ్చుకే లెక్క. నిక్కంగా ఇదే. మొదటి పాదంలో లైనక్సు తగణం, ఇక్కడ యూబుంటు తగణం, రెండూ నాలుగో గణమే. ఒకే చేతి పని.

పీలేరు
ఊబుంటు ఎవరు అంటారు మాస్టారూ? మాట జులూ, ఖోసా భాషలది, ఉ హ్రస్వం. ఆ భాషల్లో చివరి నుంచి రెండో అక్షరాన్ని సాగదీస్తారు, అంటే సాగేది బు. ఉబూంటు అనాలి. ల గ ల, మళ్ళీ మీ జగణమే. ఉబంటు అనేవాళ్ళు ఇంగ్లీషు బన్ను చూసి అంటా ఉండారు, అది అసలే కాదు.

చంద్రగిరి మాస్టారు
ఉబుంటువాళ్ళే ఇచ్చిన ఉచ్చారణ సూచనలో మొదటి అక్షరానికి ఇంగ్లీషులో రెండు ఓలు ఉన్నాయి. అది దీర్ఘం.

కార్వేటినగరం
ఆ సూచనలో మూడు అక్షరాలకూ రెండేసి ఓలు ఉన్నాయి మాస్టారూ. మొదటిదాన్ని దీర్ఘంగా తీసుకుంటే చివరిదాన్నీ తీసుకోవాలి. ఊబూంటూ, గ గ గ, మగణం. మగణం ఇంద్రగణాల్లో లేదు.