నచ్చిన అభ్యర్థికి వేయాలా, గెలిచే ఇద్దరిలో ఒకరికి వేయాలా?

అట్లాంటా_కొత్త_ఓటరు:
అందరికీ నమస్తే. ఈమధ్యే అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, 2028లో ప్రెసిడెంట్ ఎన్నికకి మొదటిసారి ఓటేయబోతున్నాను. ఇంకా టైమ్ ఉందని తెలుసు, కానీ మా ఇంట్లో వాదన అప్పుడే మొదలైంది. మా ఆయన మాట ఏంటంటే, గెలిచేది రిపబ్లికన్, డెమోక్రాట్ ఈ రెండు పార్టీల వాళ్లలో ఒకరే, కాబట్టి ఇద్దరిలో ఎవరి వల్ల నష్టం తక్కువో చూసి వాళ్లకి వేసెయ్యాలి, ఇంకెవరికి వేసినా ఓటు వృథా. నాకు అది మింగుడు పడట్లేదు. ఇన్నేళ్లు గ్రీన్ కార్డ్ కోసం, ఆ తర్వాత సిటిజన్‌షిప్ కోసం ఎదురుచూసి, చివరికి చేతికొచ్చిన ఓటుని నచ్చని మనిషికి వేయాలంటే బాధగా ఉంది. ఇద్దరూ నచ్చకపోతే మూడో పార్టీకి వేయడం తప్పా? పోల్స్‌లో వాళ్లకి పది శాతం అని కూడా చూపిస్తుంటారు, అంతమంది నిజంగా వేస్తారా? పార్టీలని తిట్టుకోవడం వద్దండి, మీరు ఎలా నిర్ణయించుకుంటారో చెప్పండి చాలు.

డెట్రాయిట్_పక్కన:
తప్పు అనే మాట పక్కన పెట్టండి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాంట్లోనే సగం జవాబు ఉంది. ప్రెసిడెంట్‌ని దేశం మొత్తం ఓట్లు కూడి తేల్చరు, ఒక్కో రాష్ట్రానికి ఇన్ని అని ఎలక్టోరల్ ఓట్లు ఉంటాయి, వాటిలో సగానికి పైగా వచ్చినవాళ్లే ప్రెసిడెంట్, మెయిన్, నెబ్రాస్కా తప్పిస్తే ఏ రాష్ట్రంలోనైనా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ. మీ జార్జియాకి 16 ఉన్నాయి. 2020లో అక్కడ బైడెన్ గెలిచింది 11,779 ఓట్ల తేడాతో, అదే ఎన్నికలో అదే రాష్ట్రంలో లిబర్టేరియన్ అనే మూడో పార్టీ అభ్యర్థి జో జోర్గెన్‌సెన్‌కి 62 వేలకు పైగా వచ్చాయి. మా మిషిగన్‌లో 2016లో ట్రంప్ మెజారిటీ 10,704, గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి 51 వేలకు పైగా. ఇక 2000లో ఫ్లోరిడా సంగతి అందరికీ తెలిసిందే, బుష్ 537 ఓట్లతో గట్టెక్కితే గ్రీన్ పార్టీ రాల్ఫ్ నేడర్‌కి 97 వేల పైచిలుకు పడ్డాయి.

అలాగని "వాళ్లు ఓట్లు చీల్చారు కాబట్టే ఓడిపోయాం" అనేవాళ్ల మాట కూడా పూర్తిగా నమ్మకండి. స్టైన్‌కి వేసినవాళ్లందరూ ఆమె పోటీలో లేకపోతే డెమోక్రాట్ హిల్లరీ క్లింటన్‌కి వేసేవాళ్లన్న గ్యారంటీ ఏమీ లేదు, చాలామంది అసలు పోలింగ్‌కే వచ్చేవాళ్లు కాదు. తన సొంత ఓటర్లని బయటికి రప్పించుకోలేని అభ్యర్థి ఓటమికి మూడో పార్టీని అనడం నాకు నచ్చదు.

పోల్స్ గురించి అడిగారు. ఎండాకాలంలో కనిపించే అంకె నవంబర్ దాకా నిలవదు. 2016లో లిబర్టేరియన్ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కి వేసవిలో తొమ్మిది శాతం దాకా చూపించారు, చివరికి వచ్చింది 3.3. 2024లో స్వతంత్రంగా దిగిన రాబర్ట్ కెనెడీ జూనియర్‌కి మొదట్లో రెండంకెల్లో ఉండేది, ఆగస్టుకల్లా తప్పుకుని ట్రంప్‌కి మద్దతు ఇచ్చేశాడు, కానీ మా మిషిగన్ బ్యాలెట్ మీద ఆయన పేరు తీయలేదు, అలాగే ఉండిపోయింది. పోల్ ఫోన్ వచ్చినప్పుడు కోపంతో ఎవరి పేరైనా చెప్తాం, బ్యాలెట్ ముందు ఉన్నప్పుడు భయం పనిచేస్తుంది. నేనైతే నవంబర్‌లో ఆ ఇద్దరిలో ఒకరికే వేస్తాను, ఎందుకంటే ప్రెసిడెంట్ నాలుగేళ్లకి దిగిపోయినా ఆయన నియమించిన సుప్రీం కోర్టు జడ్జీలు జీవితాంతం ఉంటారు.

డాలస్_నుంచి:
పై ఆయన చెప్పిన లెక్కలు కరెక్టే, కానీ చివరి మాటతో నేను ఏకీభవించను. ఓటు వృథా అనే మాట వింటేనే నాకు కోపం వస్తుంది. మా టెక్సాస్‌లో 40 ఎలక్టోరల్ ఓట్లు, 1980 నుంచి ప్రతిసారీ రిపబ్లికన్‌కే. ఇక్కడ డెమోక్రాట్‌కి వేసిన లక్షల మంది ఓట్లకి ఒక్క ఎలక్టోరల్ ఓటు కూడా రాదు, మరి వాళ్లందరివీ వృథానా? అలా ఎవరూ అనరు కదా.

1992 చూడండి. స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో ఆ జూన్‌లో కొన్ని పోల్స్‌లో సీనియర్ బుష్, బిల్ క్లింటన్ ఇద్దరికంటే ముందున్నాడు. జులైలో తప్పుకుని మళ్లీ అక్టోబర్‌లో దిగాడు, అయినా దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం వచ్చింది, ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా. కానీ బడ్జెట్ లోటు గురించి టీవీలో అరగంట సేపు చార్టులు పట్టుకుని చెప్పిన మనిషి ఆయన, ఆ తర్వాత రెండు పార్టీలూ ఆ విషయాన్ని పక్కన పెట్టలేకపోయాయి. ఆ 19 శాతం మంది ఓటు ఎక్కడికీ పోలేదు. పైగా ఐదు శాతం దాటితే ఆ పార్టీకి వచ్చే ఎన్నికలో ప్రభుత్వ నిధులు కూడా వస్తాయి.

ఇందులో తప్పు ఓటరుది కాదు, పద్ధతిది. మెయిన్‌లోనూ అలాస్కాలోనూ అభ్యర్థులకి ఒకటి, రెండు, మూడు అని వరస ఇవ్వొచ్చు, మీ మొదటి మనిషి ఎగిరిపోతే మీ ఓటు రెండో మనిషికి వెళ్తుంది. అలా అన్నిచోట్లా ఉంటే మీ ఇంట్లో ఈ వాదనే ఉండేది కాదు.

పిట్స్‌బర్గ్_పోలింగ్:
అందరూ నవంబర్ గురించే మాట్లాడుతున్నారు, అసలు మనసుకి నచ్చినవాళ్లని ఎంచుకునే చోటు ప్రైమరీ కదండీ, అంటే ప్రతి పార్టీ తన అభ్యర్థి ఎవరో తేల్చుకోవడానికి ముందుగా పెట్టే ఎన్నిక. మనవాళ్లలో చాలామంది ప్రైమరీకి రానే రారు, తర్వాత నవంబర్‌లో "ఈ ఇద్దరేనా దొరికింది" అని బాధపడతారు. నేను ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రంలో టేబుల్ దగ్గర కూర్చుని పేర్లు చూసే పని చేస్తుంటాను. మా పెన్సిల్వేనియాలో ప్రైమరీ క్లోజ్డ్, ముందే ఆ పార్టీలో రిజిస్టర్ అయి ఉంటేనే ఆ పార్టీ అభ్యర్థులకి ఓటు. ప్రతిసారీ కొందరు ఉత్సాహంగా వస్తారు, పుస్తకంలో చూస్తే పేరు పక్కన ఏ పార్టీ ఉండదు, అభ్యర్థుల బ్యాలెట్ ఇవ్వలేమని చెప్తే వాళ్ల మొహం చూడలేం. మీ జార్జియాలో ఆ బాధ లేదు, అక్కడ పార్టీ రిజిస్ట్రేషనే లేదు, ఆ రోజు వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడగొచ్చు, ఒక్కటే ఇస్తారు.

ప్రైమరీలో కూడా ఓట్లు చీలుతాయి, ఇది చాలామంది పట్టించుకోరు. 2016లో సౌత్ కరోలినా రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్‌కి వచ్చింది దాదాపు 32.5 శాతం. రూబియో, క్రూజ్ ఇద్దరూ చెరో 22 శాతం పంచుకున్నారు. డెలిగేట్లు, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రతినిధుల ఓట్లు, మొత్తం 50కి 50 ట్రంప్‌కే వెళ్లాయి. అంటే వేరే మనిషి కావాలనుకున్నవాళ్లే ఎక్కువ, కానీ ఆ వేరే మనిషి ఎవరన్నది వాళ్లలో వాళ్లకి కుదరలేదు. 2020లో డెమోక్రాట్ల వైపు దీనికి రివర్స్ జరిగింది, సౌత్ కరోలినాలో బైడెన్ గెలవగానే పోటీలో ఉన్న బుటజెజ్, క్లోబుషార్ సూపర్ ట్యూస్‌డేకి, అంటే చాలా రాష్ట్రాల్లో ఒకేసారి ప్రైమరీలు జరిగే రోజుకి, ముందే తప్పుకున్నారు, ఆ ఓట్లన్నీ ఒకచోట చేరాయి. కాకపోతే అప్పటికే పోస్ట్‌లో ఓటు పంపేసినవాళ్ల సంగతి ఏమిటి? కాలిఫోర్నియా లాంటి చోట్ల పోటీలో లేని మనిషికి ఓటేసినట్టయింది పాపం. అందుకే నేను అందరికీ చెప్పేది, ప్రైమరీలో ముందే ఓటేసే సౌకర్యం ఉంది కదా అని తొందరపడొద్దు, చివరి రెండు మూడు రోజుల దాకా ఆగండి.

ఇంకో సంగతి. 2024లో రిపబ్లికన్ ప్రైమరీల్లో ట్రంప్‌తో పోటీపడిన నిక్కీ హేలీ మార్చి 6న తప్పుకున్నారు. ఏప్రిల్ 23న మా దగ్గర ప్రైమరీ జరిగితే అప్పుడు కూడా లక్షన్నరకి పైగా ఓట్లు ఆమెకి పడ్డాయి, అదీ క్లోజ్డ్ ప్రైమరీలో, అంటే అందరూ రిజిస్టర్డ్ రిపబ్లికన్లే. ఆమె గెలుస్తుందని కాదు, తమ ఇష్టం లెక్కలోకి రావాలని వేశారు. ఆ తర్వాత రెండు ప్రచారాల వాళ్లూ ఆ ఓటర్ల కోసం మా జిల్లాల్లో తెగ తిరిగారు. మూడో పార్టీకి వెళ్లకుండానే అసంతృప్తి చెప్పుకునే దారి అది.

అట్లాంటా_కొత్త_ఓటరు:
చాలా థాంక్స్ అండి అందరికీ, ప్రైమరీ గురించి నాకు ఇంత తెలియదు. ఒక్క డౌట్, ప్రైమరీలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే నవంబర్‌లో కూడా ఆ పార్టీకే వేయాలా? నేను ఏ బ్యాలెట్ తీసుకున్నానో బయటివాళ్లకి తెలుస్తుందా? మా ఆఫీసులో ఈ విషయాలు తెలిస్తే కొంచెం ఇబ్బంది, అదే టెన్షన్.

పిట్స్‌బర్గ్_పోలింగ్:
అక్కర్లేదండి, నవంబర్‌లో మీ ఇష్టం, ఎవరికైనా వేయొచ్చు. ఏ పార్టీ బ్యాలెట్ అడిగారన్నది మాత్రం రికార్డులో ఉంటుంది, ప్రచారాల వాళ్లు ఆ లిస్టులు తెప్పించుకుంటారు, అందుకే ఆ పార్టీ ఫ్లయర్లు మీ ఇంటికి ఎక్కువ రావచ్చు. ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియదు. అన్నిటికంటే ముందు జార్జియా వాళ్ల మై వోటర్ పేజ్‌లో మీ పేరు, అడ్రస్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, రిజిస్ట్రేషన్ గడువు పోలింగ్‌కి దాదాపు నెల ముందే ముగిసిపోతుంది.