రాజమండ్రికి అసలు ముప్పు గోదారా, డ్రైన్లా?

కోటగుమ్మం రాజు:
వరద వచ్చిన ప్రతిసారీ "గట్టు ఇంకా పెంచండి" అనే మాటే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, అన్నిటికంటే పెద్దదైన మూడో వరద హెచ్చరిక కూడా ఇచ్చారు. అయినా మెయిన్ రోడ్డు మీదికి గోదారి రాలేదు. అదే గంటసేపు గట్టిగా వాన కురిస్తే ఆర్యాపురం, తుమ్మలావ మునుగుతాయి. డబ్బులు గట్టుకు కాదు, డ్రైన్లకు పెట్టాలి. అంతే.

ఏటిగట్టు అబ్బాయి:
టెన్షన్ ఎందుకు బ్రో, ధవళేశ్వరం బ్యారేజీ ఉంది, రేపు పోలవరం వస్తుంది. వరద సంగతి అవే చూసుకుంటాయి.

మిల్లు రిటైర్డ్:
బాబూ, బ్యారేజీ వరదను ఆపేది కాదు. 1982లో పూర్తయింది, 175 గేట్లు. వరదొస్తే అన్నీ ఎత్తేసి నీళ్లు సముద్రానికి వదలడమే. అది కట్టిన నాలుగేళ్లకే, 1986 ఆగస్టులో, 35 లక్షల క్యూసెక్కులు వచ్చి డెల్టాలో చాలాచోట్ల గట్లు తెగాయి. పోలవరం స్పిల్‌వేను కూడా 50 లక్షల క్యూసెక్కులు కిందికి వదలగలిగేలా డిజైన్ చేశారు. ఆ నీళ్లు వచ్చేది మన ముందు నుంచే కదా!

రాజు గారి మాటలో సగం నిజం ఉందండి. ఈ ఊరు ఏటిని నమ్ముకుని పెరిగింది. ఎగువ అడవుల నుంచి కలప, వెదురు తెప్పలు కట్టి గోదారి మీద దింపేవారు. 1920లలో ఇక్కడ పేపర్ మిల్లు పెట్టడానికి ఆ వెదురే కారణం. మిల్లు వెనక జనం, జనం వెనక ఇళ్లు. పల్లంలో ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ మెరక చేసి కట్టేశారు. ఇప్పుడు గోదారి పొంగితే ఏటి నీళ్లు వెనక్కి తన్నకుండా డ్రైన్లు ఏట్లో కలిసేచోట ఉన్న స్లూయిజు తలుపులు దించేస్తారు. అదే సమయంలో ఊళ్లో వాన పడిందా, ఆ నీళ్లు వెళ్లడానికి దారి ఉండదు. మోటార్లతో గట్టు అవతలికి తోడాలి. కరెంటు పోయిందంటే ఇక చెప్పేదేముంది! ఇంత తెలిసీ 2020లో కోరుకొండ వైపు ఆవ భూముల్లో, అంటే నీళ్లు నిలిచే పల్లపు నేలల్లో, ఇళ్ల స్థలాలు ఇస్తామన్నారు, కోర్టు దాకా వెళ్లింది.

లంక పిల్ల:
ఊరు మునిగిందా లేదా అన్న లెక్కే కానీ, గట్టుకు లోపలున్న మేం ఎవరికీ గుర్తురాం. రెండు గట్ల మధ్య ఏరు ఎంత ఎత్తు లేస్తే మా లంక అంత మునుగుతుంది. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకు రెండో హెచ్చరిక అంటారే, అప్పటికే మా నాన్న గేదెల్ని గట్టు మీదికి తోలేసి ఉంటాడు. టార్పాలిన్ కింద అమ్మ వంట, వరిగడ్డి తడిసిపోతుందని తాతయ్య గోల. అరటి తోట వారం నీళ్లలో ఉంటే గెల దక్కదు. గట్టు పెంచితే మాకు ఒరిగేదేంటో చెప్పండి.

కోటగుమ్మం రాజు:
అందుకే కదమ్మా గట్టు వద్దంటున్నా.

లంక పిల్ల:
మీరు డ్రైన్లు అంటున్నారు రాజు గారూ. ఊళ్లో నీళ్లు మోటార్లతో తోడి పోసేది కూడా మా ఏట్లోకే. పెంచొద్దన్నాను కానీ ఉన్న గట్టును వదిలేయమనలేదు, మా గేదెలు ఎక్కేది దాని మీదికే. అది కుంగకుండా చూడండి, పడవలు రెండో హెచ్చరిక దాకా ఆగకుండా మొదటిదానికే పంపండి. ఈ రెంటికీ ఎంతవుతుందో లెక్క వేశాక డ్రైన్ల సంగతి మాట్లాడదాం.

మిల్లు రిటైర్డ్:
మోటార్లకు జనరేటర్లు కూడా ఆ లెక్కలో రాయమ్మా.